లారీ ముందు సిపాయిలు

ఆదివారం మధ్యాహ్నం హొరేస్ టాన్స్‌లీ పెట్టె చంకలో పెట్టుకుని హాల్లోకి వచ్చేసరికి అతని బల్ల అక్కడ లేదు.

నిజానికి ఆ బల్ల అతని సొంతమేమీ కాదు. హార్‌స్టన్ గని కార్మికుల హాల్లో బల్లలన్నీ అందరివీ. కానీ వేడినీళ్ళ గొట్టాల పక్కనున్న ఆ ఒక్క బల్ల మీద హొరేస్ తన సీసపు సిపాయిలను ఎంతకాలంగా నిలబెడుతున్నాడంటే, ఊళ్ళో గని తవ్వకముందే ఆయన అక్కడ కూర్చుని ఉన్నాడనీ, కింద బొగ్గుందని ఆయన చెబితేనే తవ్వారనీ చిన్నవాళ్ళు నవ్వుకునేవారు. గని మూతపడి చాలాకాలమైంది. దాని గుట్ట మీద ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయి. హాలొక్కటి మిగిలింది. వానొస్తే అదీ కారుతుంది. ఒక చలికాలమంతా, అక్కడ బొమ్మ సిపాయిలతో యుద్ధాలాడే క్లబ్బు సభ్యులు నేల యుద్ధాలు మానేసి ఓడల యుద్ధాలు ఆడారని, నీళ్ళు ఎలాగూ బల్ల మీదే ఉన్నాయి కదా అన్నారని చెప్పుకుంటారు. నమ్మనివాళ్ళు ఒక నవంబరులో వచ్చి చూసుకోవచ్చు.

బల్ల ఇప్పుడు వీధి తలుపు పక్కకు చేరింది. హొరేస్ పాత చోటు చూశాడు, కొత్త చోటు చూశాడు. పెట్టె మోసుకుంటూ, మధ్యలో ఆగి ఒక కుర్చీ వీపు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ, తలుపు దాకా వెళ్ళి కోటు విప్పకుండానే కూర్చున్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా గాలి వచ్చి అతని తెల్లజుట్టు లేపుతోంది. అతను ఒక చేత్తో జుట్టు అణుచుకుంటూ, ఇంకో చేత్తో సిపాయిలను ఒక్కొక్కణ్ణీ స్పంజి గూళ్ళలోంచి తీసి, పాదాల కింద దుమ్ము ఊది, బల్ల మీద పెడుతున్నాడు. ఆ చెయ్యి వణుకుతోంది. సిపాయి బల్లను తాకేముందు టకటకమని రెండుమూడు దెబ్బలు కొట్టి గాని నిలబడడం లేదు.

లయనెల్ బ్రాడ్‌లీ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. లయనెల్ జీవితమంతా ఊరి బస్సు నడిపి విశ్రాంతి తీసుకున్నవాడు. హొరేస్‌తో ఆదివారాలు, గురువారాలు ఆడుతూ ముసలివాడైనవాడు. ఇద్దరికీ మధ్య ఎన్ని యుద్ధాలు జరిగాయో, అసలు యుద్ధం చేసిన రాజులకు కూడా అన్ని జరిగి ఉండవు.

లయనెల్‌కు హాల్లో ఒక పేరుంది. అతను తుపాకీ పేల్చకుండా గెలుస్తాడు. వాళ్ళ ఆటలో తోపుడు అని ఒక పద్ధతి ఉంది. లారీనో ఇనుప బండినో తిన్నగా శత్రువుల మీదికి నడపడమే అది. దారిలో ఉన్న సిపాయిల తరఫున ఎదుటివాడు పాచికలు వేస్తాడు. ధైర్యం చాలకపోతే వాళ్ళు వెనక్కి పారిపోతారు. ధైర్యం నిలిస్తే పారిపోరు, కానీ బండికి దారి ఇచ్చి పక్కకు జరగాల్సిందే. జరగడానికి చోటు లేకపోతే బల్ల మీంచి తీసెయ్యాలి. వాళ్ళలో ఒక్కడు మాత్రం, కావాలంటే, జరగకుండా నిలబడి బండిని కొట్టవచ్చు. ఆరు పడితే బండి ఆగిపోతుంది. పడకపోతే వాడు పోతాడు. అలా పోయిన సిపాయిని తోసినవాడే స్వయంగా తీసి, సొంతదారు అరచేతిలో పెట్టాలి. పెట్టెలోకి విసరకూడదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, హార్‌స్టన్ మర్యాద.

ఇంకో మెలిక ఉంది. కొలబద్ద పెట్టకముందే, కంటితో చూసి, బండి ఎన్ని అంగుళాలు నడుస్తుందో పైకి చెప్పాలి. తక్కువ చెబితే బండి శత్రువులకు తగలకుండా ఆగిపోతుంది, ఆ వంతు వృథా. ఎక్కువ చెబితే వాళ్ళను దాటుకుని పోయి ఏ వాగులోనో పడుతుంది. లయనెల్ చెబితే మాత్రం సరిగ్గా ఉంటుంది. కాలిబాట అంచుకు బెత్తెడు దూరంలో బస్సు ఆపి ఆపి ఆ కన్ను అలా తయారైంది.

టీ కాచే గదిలో డారెన్ అతని కోసం చూస్తున్నాడు. డారెన్ క్లబ్బు కార్యదర్శి, తపాలా పని చేస్తాడు, నలభై దాటినవాడు. చెడ్డవాడు కాదు. ఎవరినీ నొప్పించకూడదనేది అతని పట్టుదల, ఆ పట్టుదలతోనే అన్నీ చేస్తాడు. శనివారం క్లిప్‌వర్త్ ఊరి జట్టుతో ఏటా జరిగే పోటీ ఉంది కదా, హొరేస్ సంగతి ఆలోచించారా అని అడిగాడు. పోయిన ఏడు హొరేస్ ఆట వేళకు ముగియలేదు. చేతులు వణికి ఎదుటివాళ్ళ సిపాయిలు పడిపోవడం, మళ్ళీ నిలబెట్టడం, మధ్యలో దగ్గు. ఆ ఒక్క ఆటతోనే కప్పు పోయింది. ఈ ఏడు ఆయనకు విశ్రాంతి ఇద్దామని డారెన్ అనుకుంటున్నాడు. వ్యానులో చోటు చాలదని చెబితే ఆయనకూ బాధ ఉండదు.

లయనెల్ టీ కప్పు కింద పెట్టాడు. హొరేస్ ఆ జట్టు పుట్టినప్పటినుంచి అందులో ఉన్నాడని గుర్తు చేశాడు. డారెన్ ఎంతో నొచ్చుకుంటూ ఒప్పుకున్నాడు. చివరికి లయనెల్ ఒక మాట అడిగాడు. గురువారం తానూ హొరేస్ ఆడతారు, జట్టులో ఆ చోటు గెలిచినవాళ్ళది. డారెన్ ముఖం విప్పారింది. లయనెల్ తోపుడు ముందు హొరేస్ ఎన్నిసార్లు నిలిచాడో అందరికీ తెలుసు. పనీ అవుతుంది, మాటా రాదు.

డారెన్ ఆలోచించని సంగతి ఒక్కటే. లయనెల్ ఓడిపోదామని అనుకున్నాడు.

*

ఓడిపోవడం అనుకున్నంత తేలిక కాదని మంగళవారం తెలిసింది. వంటింటి బల్ల మీద చెంచాలు అక్కడక్కడ పెట్టి, తన లారీని ఈ చివర పెట్టి, తప్పు దూరం చెప్పడం సాధన చేశాడు. చూడగానే నోటికి సరైన అంకే వస్తోంది. పొరపాటు చెయ్యాలంటే ముందు సరైనది మనసులో అనుకుని, అందులోంచి తీసెయ్యాల్సి వస్తోంది. అలా తీసేసేటప్పుడు కళ్ళు పైకి తిరుగుతున్నాయి. దొంగతనం ముఖం మీద రాసినట్టే ఉంది.

భార్య పాలీన్ బంగాళాదుంపలు తొక్క తీస్తూ చాలాసేపు చూసింది.

"గెలవడానికి సాధన చేసేవాళ్ళని చూశాను," అంది. "నా చెంచాలతో ఓడిపోవడం నేర్చుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

లయనెల్ సంగతంతా చెప్పాడు. ఆవిడ తొక్కలు పోగుచేసి చెత్తలో వేసి, చేతులు తుడుచుకుంది.

"హొరేస్‌కి చెప్పావా?"

"చెబితే ఎలా? చెబితే ఆడడు."

"అదే అంటున్నా," అని ఆవిడ ఒక చెంచా తీసుకుని, పులుసు కలపడానికి వెళ్ళిపోయింది.

లయనెల్ లారీ వెనక చక్రం వదులైందని చూసి, జిగురు బొట్టు పెట్టి, ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకుని కూర్చున్నాడు. ఎలాగైనా హొరేస్ ఆ శనివారం వ్యానులో కూర్చోవాలి. అంతవరకే అతను ఆలోచించాడు.

*

గురువారం సాయంత్రం హొరేస్ గెడ్డం గీసుకుని, టై కట్టుకుని వచ్చాడు. తలుపు పక్క బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, మధ్యలో నీలం రంగు వేసిన అట్టముక్కలతో వాగు వేశారు. వాగు మీద రాతి వంతెన. రెండు వైపులా పిట్టగోడలు, మధ్యలో ఒక లారీ పట్టేంత దారి. ఆట ముగిసేసరికి వంతెన ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే గెలుపు. హొరేస్ తన మంచి సిపాయిలను తెచ్చి వంతెన మీద నిలబెట్టాడు. ఒక్కొక్కడి కోటు గుండీలు కూడా వేరే రంగు వేసినవాడతను, చేతులు నిలకడగా ఉన్న రోజుల్లో. ఈ రోజు వాళ్ళను వరసలో పెట్టడానికే చాలాసేపు పట్టింది. కోటు చెయ్యి తగిలి ఇద్దరు పడ్డారు. లయనెల్ చూడనట్టు పాచికలు లెక్కపెట్టుకున్నాడు. మిగతా బల్లల మీద ఆటలు నడుస్తున్నాయి గాని, చెవులన్నీ తలుపువైపే ఉన్నాయి.

మొదటి లారీని లయనెల్ చుట్టుదారిన, వాగు లోతు తక్కువున్నచోట దాటించి, వంతెనకు వెనకవైపు తెచ్చాడు. అక్కడనుంచి సిపాయిల వీపులు తొమ్మిది అంగుళాలు. అది అతనికి తన పేరు తెలిసినంత బాగా తెలుసు.

"ఏడు," అన్నాడు.

కొలబద్ద పెట్టారు. లారీ వంతెన వెనక మూతి దగ్గర, ఎవరికీ తగలకుండా, ఆగిపోయింది.

"ఏరా, కళ్ళజోడు బస్సులో మర్చిపోయావా?" అన్నాడు హొరేస్. తన వంతు రాగానే ఫిరంగివాణ్ణి తిప్పి పేల్చాడు. పాచిక బాగా పడింది. లారీ తగలబడిందని గుర్తుగా, నల్లరంగు అద్దిన దూది ఉండను పెట్టెలోంచి తీసి దాని మీద పెట్టాడు. దూది పెట్టేటప్పుడు అతని ముఖం వెలిగింది. చుట్టుపక్కల ఎవరో చప్పట్లు కొట్టారు. లయనెల్ లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాడు.

రెండో లారీ ముందువైపునుంచి, తిన్నని రోడ్డు మీద వచ్చింది. వంతెన మీది సిపాయిలకు పదకొండు అంగుళాలు. లయనెల్ పైకప్పువైపు చూశాడు.

"తొమ్మిది."

ఈసారి హొరేస్ కొలబద్ద అందుకోలేదు. పాచికలు కూడా ముట్టుకోలేదు. రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టి, అవి వణుకుతుంటే ఒకదాన్ని ఇంకోదానితో పట్టుకున్నాడు. పక్క బల్లకు వినపడనంత మెల్లగా మాట్లాడాడు.

"మా వీధి మొదట్లో స్టాపులో ఎన్నేళ్ళు ఆపావు బస్సు? నేనొక్కసారైనా బురదలో కాలు పెట్టానట్రా?"

"లేదు."

"నీ కన్ను తప్పదు. నువ్వు తప్పిస్తున్నావు."

డారెన్ అనుకుంటున్నది లయనెల్ చెప్పాడు, వ్యాను సంగతి చెప్పాడు. హొరేస్ తల ఊపాడు. అతనికి ఇదంతా తెలుసు. డారెన్ తన బల్లను తలుపు దగ్గరికి జరిపినప్పుడే తెలుసు.

"మరి అప్పుడే అడగొచ్చు కదా," అన్నాడు లయనెల్.

"ఏమని అడగను? తలుపు దగ్గర గాలి ఆడుతుంది, మీ ఊపిరికి మంచిది అన్నాడు. నా ఆరోగ్యం అడుగుతూ జరిపాడు. అందులో దెబ్బలాడ్డానికి ఏముంది చెప్పు?" హొరేస్ దగ్గాడు. దగ్గు ఆగేదాకా లయనెల్ ఆగాడు. "సమ్మె చేసిన ఏడు గని గేటు దగ్గర నిలబడ్డాం గదా మేం కొందరం. సమ్మె వదిలేసి పనిలోకి పోయేవాళ్ళని ఎక్కించుకుని బస్సులొచ్చేవి, కిటికీలకి ఇనప వల కట్టుకుని. నువ్వు కాదులే నడిపింది. ఆగేవి కావు. మేమే జరిగేవాళ్ళం. భయమేసి కాదురా. బస్సది, జరక్క ఏం చేస్తాం? ఆఖరికి అంతా అయిపోయాక ఊరంతా ఏమన్నారు? వీళ్ళు ఓడిపోయారన్నారు. వీళ్ళు విశ్రాంతి తీసుకున్నారని ఒక్కడూ అనలేదు. ఓడిపోయారన్న ఆ మాట నాకు నచ్చలేదు. కానీ అది నాది. నేను నిలబడి సంపాదించుకున్నది."

"శనివారం నేను రాలేను," అన్నాడు హొరేస్. "క్లిప్‌వర్త్ హాలు మెట్లు నీకు తెలుసుగా. పోయినేడే మధ్యలో కూలబడ్డాను, ఎవరికీ చెప్పలేదు. రానని చెప్పేద్దామనుకున్నా. ఇంతలో నువ్వు ఈ ఆట పెట్టించావని విన్నా. పోనీలే, బల్ల మీద ఆడి ఓడే పోతాను అనుకుని టై కట్టుకుని వచ్చా. నువ్వేమో నన్ను గెలిపించి పక్కన పెడుతున్నావు. ఆ డారెన్‌కీ నీకూ తేడా ఏంట్రా?"

తలుపు తెరుచుకుంది. ఎవరో తడిసిన గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చి, వీళ్ళిద్దరి ముఖాలు చూసి, తప్పుకుని వెళ్ళారు.

"లారీ వెనక్కి పెట్టు," అన్నాడు హొరేస్. "మళ్ళీ చెప్పు."

లయనెల్ లారీని రోడ్డు మొదట్లోకి జరిపాడు. బాగుచేసిన చక్రం గుడ్డ మీద తిన్నగా దొర్లింది. ఈసారి పైకప్పు చూడలేదు. వంతెన మీద నిలబడ్డ సిపాయిలను చూశాడు.

"పదకొండు."

కొలబద్ద పెట్టింది హొరేసే. లారీ ముక్కు ముందు వరస సిపాయి తుపాకీ మొనకు ఆనింది. వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు. హొరేస్ సరేనన్నట్టు గొంతులో చిన్న చప్పుడు చేసి, ధైర్యం పాచికలు వేశాడు. బాగా పడ్డాయి. అతని సిపాయిలు భయపడలేదు.

భయపడలేదు కాబట్టి పక్కకు జరగాలి. ఇద్దరూ ఒకేసారి వంతెన చుట్టూ చూశారు. కుడివైపు పిట్టగోడ. ఎడమవైపు పిట్టగోడ. వెనక్కి జరుగుదామంటే, వంతెన మూతికి అడ్డంగా, నల్లదూది మోసుకుంటూ, లయనెల్ జాలిపడి తక్కువ చెప్పి ఆపిన మొదటి లారీ. అతను మొదటే నిజం చెప్పి తోసి ఉంటే అప్పుడు ముందువైపు దారి ఖాళీగా ఉండేది. సగంమందైనా దిగిపోయేవాళ్ళు.

ఆ కాలిన లారీని తీసేద్దామన్నాడు లయనెల్. కావాలంటే రెండువంతులూ మళ్ళీ ఆడదామన్నాడు.

"కాలిన బండిని తీసెయ్యడం ఎప్పుడైనా ఉందా మన ఆటలో?" అన్నాడు హొరేస్. "ఉండనీ."

ఒకణ్ణి నిలబెట్టే హక్కు అతనికింకా ఉంది. వరసలో వెతికి, మెడకు ఎర్రగుడ్డ చుట్టుకున్న కార్పొరల్ సిపాయిని వేలితో కొంచెం ముందుకు జరిపాడు. పాచికను అరచేతిలో గలగలలాడించనక్కర్లేదు, చెయ్యి తనంతట తానే ఆ పని చేసింది. పాచిక గుడ్డ మీద దొర్లి, వాగు అంచున కొద్దిగా తడబడి, నాలుగు మీద ఆగింది.

ఇద్దరూ ఆ నాలుగు చుక్కలను చూస్తూ కూర్చున్నారు. అవి ఎంత చూసినా ఆరు కాలేదు.

లయనెల్ వంగి, రెండు వేళ్ళతో కార్పొరల్‌ను తీశాడు. హొరేస్ అరచెయ్యి చాపి ఉంచాడు. ఆ చెయ్యి వణుకుతుంటే లయనెల్ తన ఎడమచేతిని దాని కింద పెట్టి, ఆపి, సిపాయిని అందులో పెట్టాడు. తర్వాత మిగతావాళ్ళను కూడా ఒక్కొక్కణ్ణీ అలాగే అందించాడు. వాళ్ళకు ఆ మర్యాద లేదు, ఒక్క నిలబడ్డవాడికే. హొరేస్ అది గుర్తుచెయ్యలేదు. వంతెన ఖాళీ అయ్యింది. లారీ దాని మీద నిలబడింది.

ఆట ఇంకా కొన్ని వంతులు మిగిలే ఉంది. హొరేస్ చివరిదాకా ఆడాడు. ఆఖరి ఫిరంగివాడు పోయేదాకా ఏ వంతూ వదులుకోలేదు. తర్వాత బల్ల మీదుగా చెయ్యి చాపాడు. లయనెల్ పట్టుకున్నాడు.

డారెన్ అప్పటికే వచ్చి వెనక నిలబడ్డాడు. తల కొంచెం పక్కకు వాల్చి, మెత్తని గొంతుతో, ఈ చలిలో అంతదూరం ప్రయాణం మీకెందుకులెండి, హాయిగా ఇంట్లో ఉండి రాబోయే ఏటికి ఓపిక తెచ్చుకోండి అని మొదలుపెట్టాడు.

"ఓడిపోయాను, డారెన్," అన్నాడు హొరేస్ అందరికీ వినపడేటట్టు. "అదొక్కటి రాసుకో చాలు."

సిపాయిలను గూళ్ళలో సర్దడానికి చాలాసేపు పట్టింది. లయనెల్ సాయం చేస్తానంటే వద్దన్నాడు. పెట్టె మూసి, దూది ఉండ మర్చిపోయానని మళ్ళీ తెరిచి, దాన్ని నొక్కి పెట్టాడు. వచ్చే గురువారం ఆడదామా అని లయనెల్ అడిగితే, చూద్దాంలే అన్నాడు. హొరేస్ అలా చూద్దాంలే అనడం లయనెల్ ఎప్పుడూ వినలేదు.

*

శనివారం పొద్దున వ్యానులో చోటు మిగిలింది. లయనెల్ పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. క్లిప్‌వర్త్ హాలు మెట్లు ఎక్కుతూ, మధ్యలో ఒక మలుపు దగ్గర అతను ఆగాడు. వెనకవాళ్ళు ఏమైందని అడిగితే ఏమీ లేదని చెప్పి మళ్ళీ ఎక్కాడు.

అతనికి ఎదురుగా కూర్చున్నది మ్యూరియల్ హెప్‌వర్త్. మేజోళ్ళ ఫ్యాక్టరీలో మరలు తిప్పి తిప్పి భుజాలు గట్టిపడ్డ మనిషి. నాలుక అంతకంటే గట్టిది. ఏటా ఈ బల్ల దగ్గర హొరేస్‌తో ఆడేది ఆవిడే. ఒకసారి ఆవిడ వేసిన పాచిక హొరేస్ టీ కప్పులో పడితే, ఎంత పడిందో తేల్చడానికి ఆయన టీ అంతా ఒక్క గుక్కలో తాగాడనీ, తాగాక పాచిక కనబడలేదనీ ఆవిడ చెబుతుంది.

ఆవిడ లయనెల్‌ను చూసి, అతని వెనక చూసి, మళ్ళీ అతన్ని చూసింది.

"మా ముసలాయనేడి?"

డారెన్ పక్క బల్లనుంచి లేచి వచ్చాడు. "హొరేస్‌కి ఈ ఏడు కాస్త విశ్రాంతి ఇచ్చామండీ," అన్నాడు. "వయసు కదా. ఆయన కూడా సంతోషంగానే..."

"విశ్రాంతి కాదు," అన్నాడు లయనెల్.

డారెన్ ఆగిపోయాడు. లయనెల్ మామూలుగా నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. తనకే తన గొంతు కొత్తగా వినిపించింది.

"ఈ చోటు కోసం ఆడాం. ఓడిపోయాడు."

"ఎవరి చేతిలో?" అంది మ్యూరియల్.

"నా చేతిలో."

ఆవిడ సిపాయిల పెట్టె మూత సగం తీసి అలాగే పట్టుకుంది. డారెన్ చెవులు ఎర్రబడ్డాయి. అదంత పెద్ద సంగతి కాదని ఏదో గొణిగి, తన బల్లకు వెళ్ళిపోయాడు.

"నిన్ను కష్టపెట్టాడా?" అంది మ్యూరియల్.

"లారీ ఒకటి తగలబెట్టాడు. వంతెన మీద వాళ్ళెవరూ పారిపోలేదు. తప్పుకోవడానికి దారి లేదు. ఆ దారి నేనే మూశాను."

మ్యూరియల్ ఏదో ఎగతాళి చెయ్యబోయి మానుకున్నట్టుంది.

"సరే కూర్చో," అంది. "నువ్వు ఆయన్ని ఓడించి వచ్చినవాడివి. నీ కోసం తగ్గి ఆడతానని అనుకోకు."

"వద్దు. తగ్గొద్దు."

ఆవిడ తల ఊపి, పెట్టె మూత పూర్తిగా తీసి, తన సిపాయిలను ఒక్కొక్కణ్ణీ బల్ల మీద నిలబెట్టడం మొదలుపెట్టింది.